ఎముకతో లోహమునకు చెలిమి

నస్పూరు, శ్రీరాంపూరు ప్రాంతములలో భూగర్భ గనులలో దిగి పనిచేయువారికి రూఫ్ బోల్టును గూర్చి వేరుగా చెప్పవలసిన పని లేదు. బొగ్గు తీసిన పిదప పైకప్పు కూలకుండుటకై రాతిలో రంధ్రము తొలిచి, అందు సిమెంటు క్యాప్సూలునో రెజిన్ క్యాప్సూలునో ఉంచి, ఉక్కు బోల్టును జొనుపుదురు. ఆ బోల్టు నున్నగా ఉండదు. దాని ఒడలెల్ల గట్లు గట్లుగా ఉండును. నున్నని కడ్డీని ఎంత లోతుగా దించినను బరువు పడినప్పుడు జారిపోవచ్చును. గట్లున్న కడ్డీని సిమెంటు పట్టుకొనును. సిమెంటును రాయి పట్టుకొనును.

మానవుని ఎముకలో లోహపు భాగమును అమర్చు వైద్యునకును సమస్య ఇదియే. కాని ఒక భేదము కలదు. రాయి జడము; ఎముక సజీవము. తనలో దిగిన బోల్టును రాయి ఎరుగదు. తనలో దిగిన లోహమును ఎముక ఎరుగును. సరిపడినచో దానిని ఒరసికొని పెరుగును. సరిపడనిచో దాని చుట్టు మెత్తని పీచు పొరను అల్లి వెలివేయును. అట్టి పొర ఏర్పడినచో అడుగు వేసినప్పుడెల్ల లోహము కదలును, నొప్పి పుట్టును, తుదకు మరల శస్త్రచికిత్స తప్పకపోవచ్చును.

లోహమును ఎముక తనదిగా స్వీకరింపగలదను సంగతి ఒకవిధముగా అనుకోకుండ తెలియవచ్చినది. 1950ల తొలినాళ్లలో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ ఎముక లోపలి రక్తప్రసారమును పరిశీలించుటకై కుందేటి కాలి ఎముకలో టైటానియం లోహపు చిన్న గొట్టమును అమర్చెను. పని ముగిసిన పిదప దానిని ఊడదీయబోగా అది రాలేదు. ఎముక దానిని గట్టిగా పట్టుకొని ఉండెను. దీని అంతరార్థమును గ్రహించి ఆయన 1965లో ఒక రోగి దవడలో టైటానియం మరలను దించి, వానిపై కృత్రిమ దంతములను నిలిపెను. టైటానియం గాలి సోకిన తోడనే తనపై మిక్కిలి పలుచని ఆక్సైడు పొరను కప్పుకొనును. ఆ పొర లోహమును తుప్పు నుండి కాపాడును. శరీరమును లోహము నుండి కాపాడును.

అదే కాలమున ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అను వైద్యుడు తుంటి కీలు మార్పిడికి మరియొక త్రోవ చూపెను. 1962 నాటికి ఆయన రూపొందించిన పద్ధతిలో లోహపు కాడను తొడ ఎముకలో అక్రిలిక్ సిమెంటుతో బిగింతురు. నేటికిని, విశేషించి వృద్ధులకు, ఇది మంచి పద్ధతియే. సిమెంటు నిమిషములలో గట్టిపడును. రోగి త్వరగా లేచి నడువగలడు. కాని సిమెంటు పెరుగునది కాదు, తన్ను తాను బాగుచేసికొనునది కాదు. అరువది, డెబ్బది ఏండ్లు దాటినవారి మాట యట్లుండగా, ఇరువది యేండ్ల వానికి తుంటి మార్చవలసి వచ్చినచో ఏమి చేయవలెను?

ఈ ప్రశ్న మన ప్రాంతమునకు ఊరక వేసినది కాదు. ఆదిలాబాదు, ఆసిఫాబాదు, మంచిర్యాల జిల్లాల గోండు, కోలాము మొదలగు గిరిజనులలో సికిల్ సెల్ అను వంశపారంపర్య రక్తవ్యాధి కలదు. ఈ వ్యాధిలో రక్తకణములు కొడవలి ఆకృతి దాల్చి సన్నని నాళములను మూసివేయును. తొడ ఎముక తలకు రక్తమును చేర్చు నాళములు మూతపడినచో ఆ తల చచ్చి, క్రుంగిపోవును. పడుచు వయస్సుననే నడక కుంటువడును. ఈ వ్యాధి నిర్మూలనకై 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వము జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. మితిమీరిన మద్యపానము వలన, దీర్ఘకాలము స్టిరాయిడ్ మందులు వాడుట వలనను ఇట్టి స్థితియే కలుగవచ్చును. ఇట్టి యువజనుల విషయమున సిమెంటు లేకయే ఎముకతో కలిసిపోవు కాడను అనేక వైద్యులు మేలుగా ఎంచుదురు. కనుకనే లోహపు ఉపరితలమును ఎట్లు సిద్ధపరచవలెనను విద్యకు ఇంత ప్రాధాన్యము కలిగినది.

ఆ విద్యలో ముఖ్యముగా నాలుగు మార్గములు కలవు. మొదటిది గరుకు చేయుట. గట్టి అల్యూమినా రేణువులను గాలి ఒత్తిడితో లోహముపై చిమ్ముదురు. పిదప ఆమ్లములో ముంచి మరింత సన్నని గుంటలను కల్పింతురు. ఈ గుంటలు కొన్ని మైక్రానుల పరిమాణమున ఉండును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఎముకను నిర్మించు కణములకు ఇట్టి నేల నచ్చును.

రెండవది రంధ్రముల పొర. టైటానియం పూసలనో తీగలనో ఉపరితలమున వేడిచేసి అతికింతురు. నేడు లోహపు పొడిని లేజరు కిరణముతో పొరలు పొరలుగా కరగించి స్పంజివంటి నిర్మాణమునే తయారు చేయుచున్నారు. రంధ్రములు నూరు మొదలు నాలుగైదు నూరుల మైక్రానుల వరకు ఉన్నచో రక్తనాళములు, వానివెంట ఎముకయు లోనికి చొచ్చుకొనిపోవును.

మూడవది ఎముక ద్రవ్యముతోనే పూత పూయుట. మన ఎముకలోని ఖనిజము కాల్షియం ఫాస్ఫేటు జాతికి చెందినది. దానిని పోలిన హైడ్రాక్సీ అపటైట్ పొడిని పదివేల డిగ్రీలకు మించిన వేడిగల ప్లాస్మా జ్వాలలో కరగించి లోహముపై చిమ్ముదురు. 1980ల నడుమ నుండి ఇట్టి పూతగల తుంటి కాడలు వాడుకలోనికి వచ్చినవి. పూతను ఎముక తన బంధువుగా ఎంచి త్వరగా చేరదీయును. అయితే పూత మరీ మందమైనచో పెచ్చులుగా ఊడవచ్చును; మరీ పలుచనైనచో త్వరగా కరగిపోవచ్చును.

నాలుగవది రసాయనిక, విద్యుత్ మార్గము. జపానులో కొకుబో తన సహచరులతో టైటానియమును క్షారద్రావణములో నానవేసి వేడిచేసినచో, శరీరద్రవముల నుండి ఎముక ఖనిజము తనంతట తానే దానిపై పేరుకొనునని కనుగొనెను. విద్యుత్తు సాయమున ఆక్సైడు పొరను మందముగా, రంధ్రములతో పెంచు పద్ధతులును కలవు.

ఈ విద్యకు కావలసిన సామగ్రి మనకు దూరము కాదు. టైటానియం ఖనిజమైన ఇల్మనైటు శ్రీకాకుళము, భీమునిపట్నము తీరపు ఇసుకలలో కలదు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన విధానముతో కేరళలోని చవరలో 2011లో టైటానియం స్పంజి కర్మాగారము వెలసినది. 1973లో స్థాపితమైన హైదరాబాదు మిధాని సంస్థ టైటానియం మిశ్రలోహములను, వానితో శరీరములో అమర్చు భాగములను తయారు చేయుచున్నది. బాలాపురములోని ఏ.ఆర్.సి.ఐ. కేంద్రమున లోహపు పూతలపై పరిశోధన సాగుచున్నది.

అయినను గరుకుతనమే సర్వరోగనివారిణి యని తలపరాదు. కీలులో ఒకదానిపై ఒకటి తిరుగు భాగములు అద్దమువలె నున్నగా ఉండవలెను. విరిగిన ఎముకకు బిగించు పలకలను, మరలను కొన్నిమార్లు తరువాత తీయవలసి యుండును. అవి ఎముకతో ఏకమైపోయినచో తీయుట కష్టము. గరుకు నేల ఎముక కణములకు నచ్చినట్లే క్రిములకును నచ్చును. ఎవరు ముందుగా చేరుదురో వారిదే ఆ స్థలము. కనుక శస్త్రచికిత్సశాల పరిశుభ్రత ఏ పూత కంటెను తక్కువది కాదు.

ఇక మిగిలినది రోగి వంతు. లోహము ఎముకలో సుమారు నూట యేబది మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఏడవ వంతు, కదలినచో ఎముకకు బదులు పీచు పొర పుట్టును. తొలి ఆరు మొదలు పన్నెండు వారములు ఎముక అల్లుకొను కాలము. ఎంత బరువు మోపవచ్చునో, చేతికర్ర ఎప్పుడు విడువవచ్చునో వైద్యుడు చెప్పిన మాటను దాటరాదు. గనిలోని పనికి ఎప్పుడు మరలవలెనో, ఏ పనికి మరలవలెనో ఆయననే అడుగవలెను. పొగత్రాగుట ఎముక పెరుగుదలను మందగింపజేయును. అదుపు తప్పిన మధుమేహము క్రిములకు తలుపు తెరచును. అమర్చిన భాగము పేరును, సంఖ్యను తెలుపు చీటీని ఇంటిలో భద్రపరచుకొనుడు. ఇరువది యేండ్ల తరువాత దానిని చూడవలసిన వైద్యుడు నేటి వైద్యుడు కాకపోవచ్చును. లోహమును ఉక్కు పనివాడు, శాస్త్రజ్ఞుడు, వైద్యుడు సిద్ధపరచి ఇత్తురు. దానిపై ఎముకను పెంచవలసినది మాత్రము రోగి దేహమే. దానికి వలసిన వ్యవధిని మనము ఇయ్యవలెను.