గంప అల్లడం మనం ఎందుకు మానేశాం?

(వార్షికోత్సవ ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంస్కృతి మీద మాట్లాడమని సంఘం పెద్దలు అడిగారు. అంత పెద్ద విషయం మీద మాట్లాడడం నాకు చేతకాదు. అందుకే ఒక కొబ్బరి మట్ట, ఒక కత్తి తెచ్చుకుని కూర్చున్నాను. మాట్లాడుతూ ఒక బుట్ట అల్లుతాను. మధ్యలో మాట తడబడితే వేళ్లు ఎక్కడో చిక్కుకున్నాయని అనుకోండి.

"మనం ఎరుకలవాళ్లం, మనది ఈత కదా, కొబ్బరి ఏమిటి?" అని మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. నిజమే. ఈతపుల్లల ఎరుకల, దబ్బ ఎరుకల అని మనలో పేర్లే ఉన్నాయి. ఒకరిది ఈత, ఇంకొకరిది చీల్చిన వెదురు దబ్బ. ఉప్పు అమ్మినవాళ్లు ఉప్పు ఎరుకల, కరివేపాకు అమ్మినవాళ్లు కరివేపాకు ఎరుకల. చేసే పనే ఇంటి గుర్తు. మా అవ్వది ఈత. తెల్లవారకముందే వాగు గట్టుకు వెళ్లి బరిగెలు కోసుకొచ్చేది. ఈత మట్ట మొదట్లో ముళ్లు సూదుల్లా ఉంటాయి. ఆమె అరచేతులు ఎలా ఉండేవో మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను ఉద్యోగం చేసేది కోనసీమలో. అక్కడ కొబ్బరి మట్ట మన వాకిట్లోకే వచ్చి పడుతుంది. చెయ్యి తిరగడానికి ఏ ఆకైతేనేం అని దీనితోనే మొదలుపెట్టాను. నేర్పింది పందిళ్లకు ఆకు అల్లే ఒక పెద్దాయన. ఆయన మనవాడు కాదు. ఎరుకలదాన్ని, బుట్ట అల్లడం ఇంకొకరి దగ్గర నేర్చుకున్నాను!

ఇప్పుడు చూడండి. మట్ట నడిమి భాగం తీసుకున్నాను. పచ్చి ఆకు ఆరాక కుంచించుకుపోయి సందులు పడతాయి, అందుకే నిన్ననే కోసి వాడనిచ్చాను. మట్టను నిలువునా చీలిస్తే ఒక్కో పక్కకు ఒక్కో వరుస ఆకులు వస్తాయి. ఆ పక్కను పలచగా చెక్కాలి. మందంగా ఉంటే వంచేటప్పుడు పుటుక్కుమంటుంది. ఆకులు సరి సంఖ్యలో ఉండాలి. నేను 20 పెట్టుకున్నాను. ఇలా గుండ్రంగా వంచి, కొసలు ఒకదానిమీద ఒకటి వేసి కట్టేశాను. ఇదే బుట్ట నోరు. ఆకులన్నీ మట్ట కొసవైపు వాలి ఉన్నాయి కదా, ఒకటి విడిచి ఒకటి వెనక్కి మళ్లించాలి. ఇక ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. వదులైతే అక్కడే విప్పి మళ్లీ వెయ్యండి, తర్వాత బిగిద్దామంటే కుదరదు. చివర మిగిలిన ఆకుల్ని రెండు వరుసలుగా ఎదురెదురుగా పెట్టి, జడ అల్లినట్టు అల్లుకుంటూ పోయి ముడి వేస్తే అడుగు మూసుకుంటుంది.

ఇది చేస్తున్నప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. కొబ్బరి బుట్ట నోటి దగ్గర మొదలై అడుగు దగ్గర ముగుస్తుంది. అవ్వ గంప అడుగు దగ్గర మొదలై అంచు దగ్గర ముగిసేది. ఆ అంచు కట్టడమే అసలు కష్టం. పురులు తిప్పి లోపలికి దూర్చి బిగిస్తేనే ధాన్యం మోసినా గంప నోరు సాగదు. అది నాకు రాదు. అమ్మకు వచ్చు. నేను నేర్చుకోలేదు.

ఎందుకు నేర్చుకోలేదంటే ప్లాస్టిక్ తట్టలు వచ్చాయని అంటారు. అది సగం కథే.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లనూ ఆ జాబితాలో చేర్చారు. పేరు నమోదు చేయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి ఉండాలి. గంపలు అమ్మేవాళ్లు ఊరూరా తిరగకపోతే గింజలు ఎవరు కొలిచి పెడతారు? బతకడానికి చేసే పనే అనుమానానికి కారణమైంది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. కాగితం మీద.

నేను 8వ తరగతిలో హాస్టల్లో ఉండగా ఒకమ్మాయి డబ్బులు పోయాయి. ముందు నా పెట్టె తెరిచారు. మిగతావాళ్ల పెట్టెలు తెరవనే లేదు, ఆ డబ్బులు ఆ అమ్మాయి పుస్తకంలోనే దొరికాయి. నాతో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ వారమే అమ్మ సంతకు వచ్చి, నెత్తిన మిగిలిన గంపలతో నన్ను చూడడానికి గేటు దగ్గరికి వచ్చింది. జ్వరంగా ఉంది, రాలేనని చెప్పించాను. జ్వరం లేదు. ఆ గంపలు ఎవరూ చూడకూడదనుకున్నాను. అమ్మ ఒక చిన్న బుట్టలో రేగుపళ్లు అక్కడ వదిలి వెళ్లింది.

ఆమెకు అర్థమైందనుకుంటాను. ఆ తర్వాత నన్ను బరిగె పట్టనివ్వలేదు. "నీకెందుకే ఇది, పుస్తకం తియ్యి" అనేది. నేనూ హాయిగా తీశాను. అమ్మ చేసింది తప్పని అనను. గంపలు అమ్మే నన్ను డిగ్రీ దాకా చదివించింది. మిమ్మల్నీ ఉద్యోగాలు మానేసి గంపలు అల్లుకోమని చెప్పడానికి రాలేదు. దీంతో ఇల్లు గడవదు, ఆ ఆశ పెట్టను. కానీ మన తాతల్ని దొంగలని రాసుకున్న ఆ రోజుల్లో వాళ్ల చేతులు పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేస్తున్నాయో అడిగేవాళ్లు ఉంటే, చూపించడానికి మన దగ్గర ఒక్క గంప అయినా ఉండాలి కదా. అల్లడం తెలిసిన ఒక్క మనిషైనా ఉండాలి.

అమ్మకు ఇప్పుడు 70 దాటాయి. వేళ్లు వంగడం లేదు. పోయిన సంక్రాంతికి బరిగెలు తెచ్చి ముందు పెడితే నవ్వింది. అడుగు వేసింది, గోడ లేపింది, అంచు దగ్గరికి వచ్చేసరికి నొప్పి అని పక్కన పెట్టింది. ఆ గంప అలాగే ఉంది.

మీ ఇళ్లలో అవ్వలు, అత్తలు ఉంటారు. ఈ నెలలోనే వెళ్లండి. ఫోన్ పట్టుకుని వాళ్ల ముఖం కాదు, చేతులు తియ్యండి. ముఖ్యంగా అంచు కట్టేటప్పుడు ఆపకుండా, భుజం వెనకనుంచి తియ్యండి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒక్కో పట్టుకు మన కుర్రు మాటలో ఏ పేరుందో అడిగి అందులోనే చెప్పించండి. ఆ వీడియో నాకూ పంపండి. అమ్మ గంప అంచు నేను కట్టాలి.

ఇదిగో, మాటల్లోనే అడుగు మూసుకుంది. కాస్త వంకరగా వచ్చింది. పూలు కోసుకోవడానికి పనికొస్తుంది.