అద్దె తండ్రి, అద్దె సినిమా

(హాస్టల్ విద్యార్థులు నడుపుకునే వారాంతపు సినిమా ప్రదర్శనల కొత్త ఏడాది మొదటి రోజున చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్లు విషయం చాలా తేలిగ్గా చెప్పారు. "అన్నా, నీకు బాగా ఇష్టమైన సినిమా గురించి, ఈమధ్య చూసిన సినిమా గురించి మాట్లాడు చాలు, పేపర్ ఏమీ రాయనక్కర్లేదు" అన్నారు. నేను పేపరే రాసుకొచ్చాను. ఎందుకంటే ఈ ప్రశ్నకు నేను ఒకసారి అబద్ధం చెప్పాను. ఈసారి తడబడకూడదని రాసుకున్నాను.

2018 జూలై. ఎం.ఏ. మొదటి వారం. క్లాసులో పరిచయాలు జరుగుతున్నాయి. పేరు, ఊరు, ఇష్టమైన సినిమా చెప్పాలి. నా ముందు కూర్చున్నవాళ్లు ఒకరు కురొసావా అన్నారు, ఒకరు కియరొస్తమీ అన్నారు, ఇంకొకరు సత్యజిత్ రాయ్ అన్నారు. నా వంతు దగ్గరపడుతున్న కొద్దీ చేతులు చల్లబడ్డాయి. లేచి నిలబడి "బైసికిల్ థీవ్స్" అన్నాను. అప్పటికి ఆ సినిమా చూడలేదు. ఏదో వారపత్రికలో దాని గురించి చదివానంతే. "అందులో నీకు బాగా నచ్చిన సన్నివేశం ఏది?" అని అడిగారు. "సైకిల్ పోయే సన్నివేశం" అన్నాను. పేరు తెలిసిన ఎవడైనా చెప్పగల జవాబు అది. అడిగినవారు ఇంకేమీ అడగకుండా తర్వాతి వారి వైపు తిరిగారు. బతికిపోయాననుకున్నాను.

నిజం చెప్పాల్సి ఉంటే నేను చెప్పాల్సిన పేరు "ఒసేయ్ రాములమ్మ". 1997లో దాసరి నారాయణరావు తీసిన సినిమా, విజయశాంతి నటించింది. నేను పుట్టిందీ అదే ఏడాది. నన్ను కడుపులో పెట్టుకొని మా అమ్మ, మా వాడకట్టు ఆడవాళ్లతో కలిసి ట్రాక్టర్ మీద జనగామ పోయి ఆ సినిమా చూసింది. తర్వాత టీవీలో వచ్చిన ప్రతిసారీ నేనూ అమ్మ పక్కన కూర్చొని చూశాను. దొర ముందు రాములమ్మ తల ఎత్తగానే మా అమ్మ బీడీల చాట పక్కకు జరిపేది. ఆ చాట జరిగిందంటే సినిమా మొదలైనట్టు నాకు. ఒక సినిమా మనిషిని ఏం చేయగలదో నాకు మొదట తెలిసింది ఆ చాట వల్లనే. కానీ ఆ క్లాసులో ఆ పేరు నోటికి రాలేదు. ఆ పేరు చెబితే దాని వెనుక మా వాడ, ట్రాక్టర్, చాట అన్నీ బయటికి వస్తాయనిపించింది.

అదే ఏడాది చివర్లో, హాస్టల్ గదిలో నలుగురం ఒక లాప్‌టాప్ ముందు కూర్చొని "పరియేరుం పెరుమాళ్" చూశాం. మారి సెల్వరాజ్ మొదటి సినిమా, పా. రంజిత్ నిర్మించాడు. మాకెవరికీ తమిళం రాదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు వేగంగా పోయేవి, ఆపి ఆపి చదువుకున్నాం. ఇంగ్లీషు పాఠం అర్థంకాక క్లాసులో కుమిలిపోయే కుర్రాడి సినిమాను, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చూశామన్నమాట. ఆ రాత్రి ఆ సంగతికి నవ్వుకున్నాం కూడా.

మీలో చూడనివాళ్ల కోసం చెబుతాను. పరియన్ తిరునెల్వేలిలో లా కాలేజీలో చేరతాడు. తండ్రిని తీసుకురమ్మంటారు. అతని తండ్రి ఆడవేషం కట్టి ఆడే జానపద కళాకారుడు. ఆ తండ్రిని కాలేజీకి తీసుకురావడానికి సిగ్గుపడి, పరియన్ బయటి మనిషి ఒకరిని తండ్రిగా నిలబెడతాడు. తర్వాత అసలు తండ్రి కాలేజీకి వచ్చినప్పుడు ఆధిపత్య కులం కుర్రాళ్లు ఆయన పంచె లాగేస్తారు. ఆ పెద్దాయన రోడ్డు మీద పరుగెత్తుతాడు. ఆ పాత్ర వేసిన తంగరాజ్ నిజ జీవితంలోనూ జానపద కళాకారుడే. 2023లో కన్నుమూశారు.

మా గదిలో మిగతా ముగ్గురూ పంచె లాగిన సన్నివేశం దగ్గర ఏడ్చారు. నేను అంతకుముందే, అద్దె తండ్రి సన్నివేశం దగ్గరే ఆగిపోయాను. జూలైలో నేను చేసిన పని అదే కదా. తండ్రిని తీసుకురమ్మంటే అద్దె తండ్రిని తెచ్చాడు పరియన్. ఇష్టమైన సినిమా చెప్పమంటే అద్దె సినిమా తెచ్చాను నేను.

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ కూడా కింది నుంచి వచ్చినవాడే. ఈ కుర్రాడు గదిలో ఉరేసుకొని చావడం కంటే కొట్లాడి చచ్చినా మేలు అన్న అర్థంలో ఒక మాట అంటాడు. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయాడు. 2018లో ఒక యూనివర్సిటీ హాస్టల్ గదిలో కూర్చొని ఆ మాట విన్నవాళ్లకు అది సినిమా డైలాగులా ఉండదు. నా ఉద్దేశంలో ఆ మాటలోనూ ఒక లోపం ఉంది. మన పిల్లలకు ఆ రెండు దారులేనా? చదువుకొని, పాసై, మామూలుగా బతికే దారి లేదా? సినిమా చివర్లో టేబుల్ మీద పక్కపక్కనే పెట్టిన రెండు టీ గ్లాసులు, మధ్యలో మల్లెపూవు అడిగేది ఆ మూడో దారినే అనుకుంటాను.

ఇంకో సినిమా చెప్పి ముందుకు పోతాను. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా "ఫండ్రీ". జబ్యా అనే కుర్రాడు తన క్లాసులో చదివే అమ్మాయి ముందు, తన కుటుంబం పందులు పట్టే పని కనబడకూడదని తాపత్రయపడతాడు. పంది దొరికేలోగా బడిలో జాతీయ గీతం మొదలవుతుంది. అందరూ కదలకుండా నిలబడతారు. పంది పారిపోతుంది. తర్వాత దొరికిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనుక బడి గోడ మీద అంబేద్కర్, సావిత్రిబాయి ఫూలే బొమ్మలుంటాయి. ఒక్క మాట లేకుండా మన దేశంలో చదువు గురించి, గౌరవం గురించి అంత చెప్పిన సన్నివేశం నేను మళ్లీ చూడలేదు. జబ్యా కూడా దాచుకునేవాడే. చివరికి అతను విసిరిన రాయి తెర మీంచి మన మీదికే వస్తుంది. చూస్తూ నవ్వినవాళ్లలో మనమూ ఉన్నామని ఆ రాయి చెబుతుంది.

ఇక ఈమధ్య చూసిన సినిమా. నీరజ్ ఘైవాన్ తీసిన "హోమ్‌బౌండ్". 2025లో కాన్ ఉత్సవంలో చూపించారు, మన దేశం తరఫున ఆస్కార్‌కూ పంపారు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి దారి పట్టిన ఇద్దరు స్నేహితుల గురించి బషారత్ పీర్ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసం దీనికి ఆధారం. చందన్ దళితుడు, షోయబ్ ముస్లిం. ఇద్దరూ కానిస్టేబుల్ ఉద్యోగం కోసం ఎదురుచూస్తారు. ఆ యూనిఫాం వేసుకుంటే ఎవడూ తక్కువగా చూడడని వాళ్ల ఆశ. చందన్ దరఖాస్తులో రిజర్వేషన్ కాలమ్ వదిలేసి జనరల్ అని పెడతాడు. తనకు రావాల్సిన హక్కును తానే దాచుకుంటాడు. ఘైవాన్ కూడా తన కులాన్ని చాలాకాలం దాచుకొని బతికిన సంగతి బహిరంగంగా చెప్పినవాడే. అందుకే ఆ దరఖాస్తు సన్నివేశంలో జాలి కనబడదు, తెలిసినవాడి నిదానం కనబడుతుంది.

ఈ సినిమాను సెలవుల్లో ఇంట్లో అమ్మకు ఫోన్‌లో చూపించాను. హిందీ మాటలకు నేను పక్కనుంచి తెలుగు చెబుతున్నాను. చందన్ తల్లికి బడిలో వంట చేసే పని దొరుకుతుంది. ఆమె చేతి వంట మా పిల్లలు తినరని తల్లిదండ్రులు గొడవ చేస్తారు. అమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకొని ఆపింది. మా అమ్మ కూడా కొన్నేళ్లు మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండింది. నాకు తెలిసింది అంతవరకే.

"ఆ పోరగాండ్లు మల్ల వచ్చి తిన్నరా, లేదా?" అని అడిగింది.

సినిమాలో ఆ సంగతి చూపించలేదమ్మా అన్నాను.

"మన కాడ తిన్నరు. మొదట్ల డబ్బాలు తెచ్చుకునేటోళ్లు. మూడు నెల్లకు ఒక్కొక్కడే పల్లెం పట్టుకొని వరుసల నిలవడ్డరు. నా మీద పావురం గాదు బిడ్డా, గుడ్డు మీద."

నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఆ మూడు నెలలు ఆమె ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాన్నకు కూడా. నేను పదేళ్లుగా కులం గురించి చదువుతున్నాను. మా ఇంట్లో జరిగిన కథ ఒక సినిమాను ఆపితే గాని నాకు తెలియలేదు. దాచుకోవడం నేను యూనివర్సిటీలో నేర్చుకున్నాననుకున్నాను. కాదు, ఇంటినుంచే తెచ్చుకున్నాను.

"హోమ్‌బౌండ్" మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. చందన్ చనిపోతాడు. నిజంగా జరిగినదాన్ని మార్చమని అనను. కానీ మన పిల్లవాడు చనిపోతేనే హాలంతా కంటతడి పెట్టుకునే అలవాటు గురించి మనం మాట్లాడుకోవాలి. అందుకే దీని పక్కన నేను ఎప్పుడూ పా. రంజిత్ "సార్పట్టా పరంపరై" పెట్టుకుంటాను. 1970ల ఉత్తర మద్రాసు, బాక్సింగ్. గోడల మీద అంబేద్కర్ ఉంటాడు. కబిలన్ ఓడతాడు, తాగుతాడు, చెడతాడు, మళ్లీ లేస్తాడు, గెలుస్తాడు, బతుకుతాడు. మనకు చెడిపోయి బాగుపడే కథలూ కావాలి.

మరి తెలుగులో? 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" తీశాడు. కులం పేరు సినిమా పేరులోనే ఉంది. ఈ కాలానికి వస్తే "పలాస 1978" కులాన్ని సూటిగా పలికింది. "లవ్ స్టోరీ" పలికింది. కానీ మన దగ్గర ఎక్కువసార్లు జరిగేది వేరు. "కలర్ ఫొటో" నాకు ఇష్టమైన సినిమా. చూసిన ప్రతిసారీ, అక్కడ ఒంటి రంగు అని వినబడ్డచోట నాకు కులం అని వినబడుతుంది. కులం అనాల్సిన చోట రంగు అంటాం, పేదరికం అంటాం, పక్క ఊరు అంటాం. అంటే మన సినిమా కూడా అద్దె తండ్రిని తెస్తుంది. ఎందుకు తెస్తుందో అర్థం కావాలంటే 2025లో "ఫూలే" సినిమాకు ఏమైందో చూడండి. ఏప్రిల్ 11న, జోతిబా జయంతి నాడు రావాల్సిన సినిమా అభ్యంతరాల మధ్య 25కు వాయిదా పడింది. మహర్, మాంగ్ వంటి కులాల పేర్లు తీసేయమని సెన్సార్ బోర్డు చెప్పింది. కులం మీద జీవితమంతా పోరాడిన మనిషి సినిమాలో కులాల పేర్లు ఉండకూడదట! మనల్ని దాచుకోమని చెప్పే నోళ్లు చాలా ఉన్నాయి. కొన్నిటికి ప్రభుత్వ ముద్ర కూడా ఉంది.

చివరగా నా సంగతి. నా పరిశోధన సినిమా, కులం మీదే. మొదట రాసిన ప్రతిపాదనలో, మా జిల్లా వాడల్లో ఆడవాళ్లు "ఒసేయ్ రాములమ్మ"ను ఎలా చూశారు, ఏం గుర్తుపెట్టుకున్నారు అని ఒక అధ్యాయం ఉండేది. "ఇది పరిశోధనా, మీ ఇంటి కథా?" అని ఒక పెద్దమనిషి అడిగారు. నేను జవాబు చెప్పకుండా ఆ అధ్యాయం తీసేశాను. ఎవరూ తీసేయమనలేదు. నేనే తీసేశాను. దాని స్థానంలో అందరూ మెచ్చే దర్శకుల పేర్లు పెట్టాను.

సెలవుల నుంచి వచ్చాక ఆ అధ్యాయం మళ్లీ పెట్టాను. గడువు దగ్గరపడింది, పని పెరిగింది, ఒప్పుకుంటారో లేదో ఇంకా తెలియదు. ఆ సినిమా మీద నాకు అభ్యంతరాలు లేవని కాదు. ఆడదాని బాధను కెమెరా చూసిన తీరు మీద ఇప్పుడు నాకు గట్టి విమర్శే ఉంది. అది కూడా రాస్తున్నాను. ఇష్టపడ్డదాన్ని విమర్శించవచ్చు, దాచిపెట్టినదాన్ని విమర్శించలేం. ఆ పెద్దమనిషికి నా జవాబు కూడా ఇప్పుడు దొరికింది. ఇంటి కథలను చదువుగా ఒప్పుకునేది కొందరి ఇళ్ల విషయంలోనేనా, సార్?

అన్నట్టు, "బైసికిల్ థీవ్స్" తర్వాత చూశాను. నిజంగానే గొప్ప సినిమా. చివర్లో దొంగగా దొరికిన తండ్రి అవమానాన్ని చిన్న కొడుకు కళ్లారా చూస్తాడు, చూసి తండ్రి చేయి పట్టుకుంటాడు. ఏ సన్నివేశం నచ్చింది అని ఇప్పుడు అడిగితే అదే చెబుతాను.

ఈ ఏడాది పరిచయాలు ఇక్కడ వేరే రకంగా చేసుకుందాం. మీకు ఇష్టమైన సినిమా ఏది అని అడగం. ఇంట్లో ఎవరి పక్కన కూర్చొని ఏ సినిమా చూశారో చెప్పండి. వచ్చే వారం ప్రదర్శన "ఒసేయ్ రాములమ్మ". దాని మీద తిట్లన్నీ ఆ రోజు వింటాను. మొదటి వరుసలో ఎడమ పక్కన కూర్చున్న చెల్లె, నీతో మొదలుపెడదాం.

జై భీమ్.