ఆరుబయట నిలిచిన కారు, దానిపై కవరు



ఢిల్లీ ప్రభుత్వ క్వార్టర్లలో ఉదయపు నడకకు బయలుదేరువారు నిత్యము చూచు దృశ్య మొకటి కలదు. వేపచెట్ల క్రింద వరుసగా కార్లు నిలిచి యుండును. వానిలో కొన్ని వెండిరంగు కవర్లు కప్పుకొని, నడుమునకు త్రాడు బిగించుకొని, నెత్తిపై రెండేసి ఇటుకరాళ్లు మోయుచుండును. సరోజినీ నగరు, రామకృష్ణపురము వంటి పాత కాలనీలు కట్టిన నాటి ఉద్యోగికి సైకిలే వాహనము. చిన్న క్వార్టర్లకు గ్యారేజీ యను ఊహయే లేదు. కావున నేటి కారు వీధిని పడినది. వాయిదాలపై కొన్న వస్తువు ఎండకు మాడుచుండగా చూడలేక గృహస్థుడు కవరొకటి తెచ్చి కప్పును. రెండేండ్లు గడచునప్పటికి, ఏ కవరును ఎరుగని ప్రక్కింటివారి కారుకంటె ఆయన కారే వన్నె తగ్గి యుండుట కద్దు. రాత్రివేళ వీధిదీపము క్రింద చూచినచో బానెట్టుపై సాలెగూడు వంటి సన్నని గీతలు వేలకొలది కనబడును. కంచె చేను మేసినట్లయినది.

ఇది ఎట్లు జరుగునో తెలియవలెనన్న రంగు కట్టుబడిని కొంచెము చూడవలెను. నేటి కారు రేకుపై ఉన్నది ఒక్క పూత కాదు. తుప్పు పట్టనీయని తొలి పూత, దానిపై నునుపు చేయు ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికి పైన రంగులేని వార్నిషు వంటి క్లియర్ కోటు. అన్నియు కలిసినను సుమారు 100 మైక్రానులు, మరికొంచెము హెచ్చు; మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్లియర్ కోటు ఒక్కటే 40 మైక్రానుల ప్రాంతము, తలవెంట్రుక కంటె సన్నము. కంటి కింపైన మెరుపంతయు ఆ పై పొరదే. పూర్వపు అంబాసిడరు సంగతి వేరు. సాధారణముగా దానికీ పై పొర లేదు; మాసినప్పుడు పాలిషు పెట్టి రుద్దగా లోపలి రంగే మరల మెరిసెడిది. నేటి కారును అట్లు రుద్దిన కొలది ఉన్న కవచమే తరిగిపోవును.

ఇక ఢిల్లీ దుమ్ము. అందు ఇసుక రేణువులు, అనగా స్ఫటికపు పలుకులు, మిక్కుటము. కాఠిన్యమును కొలుచు మోస్ మానములో స్ఫటికము 7వ మెట్టున నున్నది. చాకు ఉక్కునే గీయగల దానికి క్లియర్ కోటు ఒక లెక్క కాదు. ఐతే ఇందొక సూక్ష్మము కలదు. దుమ్ము ఊరక పడి యున్నంతసేపు రంగును గీయదు. దానిని ఏదో ఒకటి అదిమి కదిపినప్పుడే గీయును. దుమ్ము పట్టిన కారుపై కవరు కప్పి, ఆ కవరును గాలికి వదలిన యెడల, ఇంటి యజమాని తన చేతులతోనే కారునకు ఉప్పుకాగితము చుట్టి, దానిని రుద్దు పనిని గాలికి అప్పగించినట్లే.

ఢిల్లీ తెలుగు కుటుంబములకు ఈ చిక్కు సరిగా వేసవిలోనే వచ్చును. మే, జూన్ నెలలలో పాఠశాలలకు సెలవులు. పిల్లలతో ఆంధ్రా ఎక్స్‌ప్రెస్సో, తెలంగాణా ఎక్స్‌ప్రెస్సో ఎక్కి స్వగ్రామము చేరుదురు. కారు నెలరోజులు వీధిలో ఒంటరిగా ఉండును. ‘ఆంధీ’ యని ఇచ్చటివారు పిలుచు దుమ్ముగాలులు చెలరేగునది ఆ నెలలలోనే. 2022 మే 30వ తేదీ సాయంకాలపు గాలివానలో సఫ్దర్‌జంగ్ కేంద్రమున గాలి వేగము గంటకు 100 కిలోమీటర్లుగా నమోదైనది. నగరమున వందలకొలది చెట్లు కూలినవి. అట్టి గాలికి వదులుగా నున్న కవరు తెరచాప వలె ఉబ్బి, మరుక్షణము రేకును కొట్టుకొనును. త్రాడు బిగించిన చోట ఒరసికొని పెయింటు అంచులు అరుగును. ఇటుకరాతి మాట చెప్పనక్కరలేదు. అది జారినప్పుడు గీత కాదు, సొట్టయే పడును.

కావున మొదట అడుగవలసిన ప్రశ్న ఏ కవరు కొనవలెనని కాదు, కవరు అవసరమా యని. ప్రతిదినము కార్యాలయమునకు పోవు కారునకు అవసరము లేదు. సాయంకాలము దుమ్ముతో వచ్చిన బండిపై కప్పుట, ఉదయము లాగుట, ఏడాదికి ఆరేడు వందల మార్లు రుద్దుటయే. నీడ దొరికిన చాలును. పైగా అట్టి బండికి కవరు కంటె పెద్ద శత్రువు వేరొకటి కలదు: నెల జీతముపై తెల్లవారుజామున వచ్చి, ఒక్క బకెట్టు నీటితో, ఒక్క గుడ్డతో పది కార్లు తుడుచు పద్ధతి. తప్పు ఆ కుర్రవానిది కాదు. అతనికిచ్చు జీతమునకు అంతకన్న నీరు రాదు. నీటితో దుమ్మును కడిగి పంపిన తరువాతనే గుడ్డ తగులవలెనని, లేనిచో ఆ దినము తాకకుండుటయే మేలని అతనికి నెమ్మదిగా చెప్పవలెను.

వారములకొలది కదలని బండికి కవరు మేలే. ఎండలోని అతినీలలోహిత కిరణములు క్లియర్ కోటును, ప్లాస్టిక్ భాగములను, లోపలి డాష్‌బోర్డును క్రమముగా చెరచును. పక్షుల రెట్టలోని యూరిక్ ఆమ్లము, వేసవి ఎండకు మెత్తబడిన పై పొరపై కొన్ని గంటలలోనే మచ్చ వేయగలదు. వేప, నేరేడు పండ్ల జిగురు సరేసరి. ఐతే కవరు గాలిని, నీటి ఆవిరిని బయటకు పోనిచ్చునదిగా నుండవలెను. పలుపొరల నాన్-వోవెన్ గుడ్డ, లోపల మెత్తని పత్తి లేక ఫ్లీసు అస్తరు ఉన్నవి మంచివి. పాలిథిన్ పట్టా, టార్పాలిన్, రెక్సీను మాత్రము పనికిరావు. అవి వాననీటిని ఆపునను మాట నిజమే. కాని నేల నుండి లేచు తేమను లోపల బంధించును. ఎండ కాయగా ఆ తేమ ఆవిరియై రంగును వెలవెలబోవజేయును, ఒక్కొక్కప్పుడు పొక్కులెక్కించును. రెక్సీనులోని మెత్తదనపు రసాయనములు వేడికి దిగి రంగునకు అంటుట కూడ కలదు. కొలత కూడ ముఖ్యము. మారుతీ ఆల్టోకు పెద్ద కారు కవరు తొడుగుట పిల్లవానికి తండ్రి చొక్కా తొడిగినట్లు. గాలికి ఆడునది ఆ మిగులు గుడ్డయే. అద్దముల చెవులకు జేబులు, అంచున ఎలాస్టిక్, పొట్ట క్రిందుగా పోయి బిగియు మెత్తని పట్టీలు ఉన్నది చూచి కొనవలెను.

కప్పు విధానమునకు ఓర్పు కావలెను. తొలుత నీరు ధారగా పోసి దుమ్ము దించి, కార్ల షాంపూతో మెత్తగా కడుగవలెను. గిన్నెల సబ్బు కూడదు. అది మైనపు పూతను తీసివేయును. తలుపు సందులలోని నీరు కూడ ఆరిన పిమ్మట, ఇంజను చల్లారిన పిమ్మట, ఇద్దరు చెరియొక ప్రక్క నిలిచి కవరును ఎత్తిపట్టి పరచవలెను. ఒక్కరే ఒక కొన పట్టి ఈడ్చుటలో సగము గీతలు పడును. తీయునప్పుడు పైనున్న దుమ్మును ముందు మెల్లగా దులిపి, దుమ్ము ముఖము దుమ్ము ముఖముపైనే పడునట్లు మడవవలెను. లోపలి ముఖము నేలను తాకరాదు. ఒక్కసారి నేలపడిన కవరు ఉతికిన గాని మరల కారెక్కరాదు. శుభ్రవస్త్రపు మడి పాటించిన ఇండ్లవారికి ఈ నియమము కష్టము కాదు.

జూన్ చివరి వారమున ఢిల్లీకి ఋతుపవనము చేరును. వాతావరణ శాఖ లెక్కలో జూన్ 27 దాని సాధారణ తేదీ. తడిసిన కవరును కారుపైననే ఆరనిచ్చుట పెద్ద పొరపాటు. వాన వెలిసిన పిదప తీసి, దండెముపై ఆరవేసి, కారును గాలికి వదలి, తరువాతనే కప్పవలెను. డిసెంబరు, జనవరి మంచులోను ఇదే నియమము. ఆ నెలలలో తడి కంటికి కానరాదు కాని అరచేతికి తెలియును.

ఊరికి పోవువారు ఈ పని ఎవరికి అప్పగింతురు? వారమునకొకసారి కవరు ఎత్తి చూచి, వాన పడినప్పుడు ఆరవేయగల పొరుగువారు ఉన్నచో కవరు వేసి పోవచ్చును. ఆ చూపులో ఎలుకలు గూడు పెట్టినవేమో కూడ తెలియును. చీకటిగా, వెచ్చగా ఉన్న ఆ గుడారమును అవి విడువవు, వైర్లను కొరుకును. అట్టి పొరుగు లేని యెడల బండిని శుభ్రముగా కడిగి, మైనము పూసి, గోడ నీడన కవరు లేకుండ విడిచిపోవుటయే మేలు. తిరిగి వచ్చునప్పటికి దానిపై వ్రేలితో పేరు వ్రాయదగినంత దుమ్ము ఉండును. పిల్లలను ఆ పేరు వ్రాయనీయరాదు. రెండు బకెట్ల నీరు పోసిన అది దిగిపోవును.

ఎంత మంచి కవరైనను ఎండకు పెళుసెక్కును. దాని లోపలి ముఖమును నల్లని గుడ్డపై రుద్ది చూచినప్పుడు పొడియో, పీచో రాలినచో కారు నుండి తప్పించవలెను. ఆ తరువాత అది శీతకాలమున బాల్కనీలోని కూలరునకు కప్పుకొన పనికివచ్చును.