చెరువు పక్క ఇల్లు, చుట్టాల గది

 

హైదరాబాద్ శివారున శామీర్‌పేట, మేడ్చల్ వైపు స్థలం కొన్నవాళ్లు మన ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో కూర్చుని మొదట చెప్పే మాట మీకందరికీ తెలుసు. "సార్, పొద్దున కళ్లు తెరవగానే మంచం మీంచే చెరువు కనబడాలి." ఆ కోరికలో తప్పేమీ లేదు. అవుటర్ రింగు రోడ్డు వచ్చింది, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ పెరిగింది, నల్సార్, బిట్స్ వచ్చాయి. ఒకప్పుడు ఆదివారం పూట వచ్చి పోయే తోట ఇప్పుడు కాపురముండే ఇల్లయింది. కాకపోతే నేను వాళ్లను ఎదురు ప్రశ్న ఒకటి అడుగుతాను. ఏ నెల చెరువు కనబడాలి?

వానలు బాగా పడిన ఏడు మత్తడి దూకే చెరువు ఒకటి. మే నెలలో నీళ్లు నడిమికి జరిగి, అడుగు మట్టి నెర్రెలు విచ్చి, గొర్రెలు మేసే చెరువు ఇంకొకటి. రెండూ ఒక్కటే చెరువు. కట్ట పోసి వాననీటిని ఆపి, తూము ఎత్తి ఆయకట్టుకు వదలడానికి మన పెద్దలు చేసుకున్న ఏర్పాటది. నీళ్లు తగ్గడమంటే చెరువు తన పని తాను చేసిందన్నమాట. పత్రికల్లో కనిపించే స్విట్జర్లాండు సరస్సు ఇళ్లను చూసి, నేల నుంచి కప్పు దాకా అద్దం గోడ పెడితే, ఏడాదిలో సగం రోజులు ఆ ఇంటివాళ్లు బురదనే చూస్తూ కూర్చోవాలి. నీళ్లు దూరం పోయిన రోజు కూడా కూర్చోబుద్ధయ్యే ఇల్లు గీయండి. ఇవాళ నేను చెప్పవచ్చింది ఇదే.

గీత మొదలయ్యేది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తి నీటిమట్టం, హద్దు దగ్గర. 2012 ఏప్రిల్ నాటి 168 నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే ఇంచుమించు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు. ఎండాకాలంలో స్థలం చూసి ముచ్చటపడినవాళ్లకు ఈ లెక్క మింగుడు పడేది కాదు. 2024 జూలైలో చెరువు ఆక్రమణలను కూల్చే హైడ్రా వచ్చాక మన మాట కాస్త చెవికెక్కుతోంది, దానికి సంతోషించాలో లేదో మరి. నాకైతే ఆ 30 మీటర్లు నష్టంలా కనబడవు. కానుగ, వేప, కింద గడ్డి ఉంటే చాలు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు కంటికి ఆధారం ఆ చెట్లే.

ఆర్కిటెక్టు జెఫ్రీ బావా చేసింది గుర్తు తెచ్చుకోండి. 1948లో శ్రీలంకలో దెద్దువ సరస్సు పక్కన పాడుబడ్డ రబ్బరు తోట కొని, లునుగంగ అని పేరుపెట్టి, బతికినన్నాళ్లూ దిద్దుతూనే ఉన్నాడు. ఇంట్లోంచి నీళ్లు సరిగా కనబడాలని గుట్టనే కొంత తవ్వించాడు. అతిథుల ఇళ్లను ప్రధాన ఇంటికి అతికించకుండా తోటలో విడివిడిగా పెట్టాడు. నీళ్ల పక్క ఇల్లు మనకు దగ్గర్లోనే చూడాలంటే ఉస్మాన్‌సాగర్ దగ్గర ఏడో నిజాం కట్టించిన సాగర్ మహల్ ఉంది.

ఇక పడమర సంగతి. స్థలం చెరువుకు తూర్పున ఉంటే నీళ్లు పడమట ఉంటాయి. అందమైన సూర్యాస్తమయం, అందరికన్నా ఎక్కువ ఎండా మీవే. మన అక్షాంశం పదిహేడున్నర డిగ్రీలు కాబట్టి మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, అస్తమించేది వాయవ్యంలో. ఉత్తరపు కిటికీ చల్లన అనుకుని నిశ్చింతగా ఉంటే ఆ సాయంత్రాలు దెబ్బకొడతాయి. పైగా నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎండ రెండుసార్లు తగులుతుంది, ఒకటి ఆకాశం నుంచి, రెండోది నీళ్ల మీంచి. సజ్జాను ఎంత ముందుకు తెచ్చినా కింది నుంచి లేచే ఆ వెలుగు ఆగదు. అది నేరుగా వరండా కప్పు అడుగుకు తగిలి గదిలోకి దిగుతుంది. అందుకే అక్కడ తెల్లరంగు వేయించను. చెక్క పలకలో ముదురు రంగో పెట్టిస్తాను. వరండా లోతు పది అడుగులకు తగ్గనివ్వను, అంచున మోకాటి ఎత్తు రాతి గోడ, నేలకు పాలిష్ పట్టని తాండూరు రాయి. గ్రానైటు ఆ చుట్టుపక్కల కావలసినంత. స్థలంలో పెద్ద గుండు ఉంటే పగలగొట్టించకండి, ఇంటినే పక్కకు జరపండి. దోమల జాలీని కూడా మొదటి నక్షాలోనే గీయండి. గృహప్రవేశం అయ్యాక బిగించే జాలీ అతుకేసినట్టే ఉంటుంది.

చుట్టాల గదుల విషయంలో మన తెలంగాణ భవంతి ఇల్లే నాకు గురువు. వచ్చినవాళ్లకు దర్వాజ దగ్గరే దివాన్‌ఖానా, ఇంటివాళ్ల అర్రలు లోపల. ఎవరి మర్యాద వాళ్లకు దక్కేది. ఇవాళ చుట్టమంటే ఎక్కువగా అమెరికా నుంచి నెల రోజులకు వచ్చిన కొడుకూ కోడలూ పిల్లలూ. తెల్లవారుజామున మూడింటికే వాళ్లకు మెలకువ వస్తుంది. టీ పెట్టుకోవడానికి అమ్మానాన్నల గది ముందు నుంచి నడవక్కర్లేకుండా చిన్న గట్టు, సింకు వాళ్ల గదిలోనే ఇవ్వండి. ఆ గదిని ఇంటికి కప్పున్న నడవాతో కలిపి, విడి తలుపు పెట్టండి. పెట్టెలు నేల మీద తెరవకుండా గోడ పొడుగునా మోకాటి ఎత్తు అరుగు కట్టండి. బోనాలకో పెళ్లికో ఇరవై మంది దిగితే గదులు చాలవు కదా, వాళ్లకు ఆ జాలీ వేసిన వరండాలో పరుపులు పరవడమే దారి.

మిగతా పదకొండు నెలలూ ఆ గదులు మూసి ఉంటాయి. వాడని స్నానాలగదిలో నహానీ ట్రాపులో నీళ్లు ఆరిపోయి కంపు, బొద్దింకలు పైకొస్తాయి. యజమాని ఫోను మనకే. అందుకని ఒక గదినైనా రోజూ వాడే చదువుగదిగా గీస్తాను, రెండు స్నానాలగదులకూ నడుమ ఒకే పైపుల గోడ పెడతాను.

ఆ పైపు చివర ఏమవుతుందో కూడా చూడాలి. శామీర్‌పేట వైపు చాలాచోట్ల నాలుగడుగులు మొరం తవ్వేసరికి పరుపుబండ తగులుతుంది. ఇంకుడు గుంతలో పోసిన మురుగు ఇంకక, బండ మీదుగా జారి చెరువులోనే తేలుతుంది. ఆ తర్వాత గుర్రపుడెక్క పరుచుకుంటే తిట్టేది ఊరివాళ్లను. సెప్టిక్ ట్యాంకు తర్వాత గులకరాళ్లు పోసి మెట్టతామర నాటిన మడిని, ఆ 30 మీటర్లకు ఇవతల, ఇంటి మొదటి ఎస్టిమేటులోనే వేయండి. ఖర్చు తగ్గించమన్నప్పుడు యజమాని వేలు ముందు పడేది ఆ పద్దు మీదే. బేరానికి అద్దం గోడను వదిలేయండి, మడిని వదలకండి.