పాఠ్యగ్రంథమునకు తోడు

ఆంగ్ల సాహిత్యమును బోధించు ఉన్నత పాఠశాలలలో ఒక నవలను ప్రధాన పాఠముగా నిర్ణయించి, దానికి తోడుగా ఒకటి రెండు రచనలను చదివించు పద్ధతి కలదు. ఆ తోడు రచనలను ఎట్లు ఎంచుకొనవలెనన్నది నేడు మనము విచారింపదగిన విషయము.

చినువా అచెబె 1958లో ప్రకటించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలను ఉదాహరణముగా తీసికొందము. నైజీరియాలోని ఇగ్బో జాతివారి గ్రామజీవనము, అచటికి తెల్లవారి మతమును పాలనయు ప్రవేశించుట, ఒకొంక్వో అను వీరుని పతనము - ఇదియే అందలి కథ. దీనికి ఇటువంటిదే మరియొక నవలను జతచేసినచో చెప్పిన మాటనే మరల చెప్పించినట్లగును. మొదటి గ్రంథముతో వాదమునకు దిగగల రచనయే నిజమైన తోడు.

జోసెఫ్ కాన్రాడ్ రచించిన 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' అట్టిది. 1899లో ఒక పత్రికలో వెలువడిన ఈ కథ, కాంగోలో ఏనుగు దంతములకై జరిగిన దోపిడిని ఏవగించుకొన్నది. అయినను ఇందులో ఆఫ్రికావాసులకు పేరులు లేవు. వారు పలికిన మాటలు బహుస్వల్పము. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగములో అచెబె ఈ లోపమునే తీవ్రముగా ఖండించెను. అచెబెను ముందు చదివిన విద్యార్థికి, ఆ పేరులేని మనుష్యులకును ఇండ్లు, సామెతలు, న్యాయసభలు ఉండియుండునని ఎవరును చెప్పనక్కరలేదు. కావున వరుసక్రమము ముఖ్యము. కాన్రాడ్ కథలో ఎంచిన కొన్ని పుటలు చాలును. కాంగో వేరు, నైజర్ వేరు అని మాత్రము పటము చూపి చెప్పవలెను.

రెండవ తోడుగా యేట్స్ 1919లో రచించిన 'ది సెకండ్ కమింగ్' కవిత తగును. నవలకు పేరు అందుండియే వచ్చినది. ఇరువది రెండు పాదములే కనుక ఒక్క పీరియడులో ముగియును. ఐరోపా మహాయుద్ధానంతరము ఒక ఐర్లండు కవి పడిన కలవరము ఆఫ్రికా గ్రామమునకు ఎట్లు అన్వయించెనని పిల్లలను అడిగినచో, చర్చ దానంతట అదే సాగును.

నవల ముగింపులో ఒక తెల్లదొర తాను వ్రాయబోవు పుస్తకములో ఒకొంక్వోకు ఒక పేరా ఇచ్చిన చాలునని తలపోయును. ఆ మనుష్యుని జీవితమునంతను అప్పుడే చదివి ముగించిన బాలునకు ఆ తలపు ముల్లువలె గ్రుచ్చుకొనవలెను. తరువాత ఏ చరిత్ర పుస్తకమును తెరచినను, ఇది ఎవరు చెప్పినది, ఎవరిని అడుగక చెప్పినది అని అతడు ప్రశ్నించును. ఆ ప్రశ్నను పుట్టింపగల రచననే మనము తోడుగా ఎంచుకొందము.