బీమా చీటియు వైద్యుని గడపయు

(సంఘ వార్షికోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఆరోగ్యమే మహాభాగ్యమను సామెత ఎరుగని తెలుగువాడు లేడు. అయితే ఆ భాగ్యము చెడినపుడు దానిని తిరిగి తెచ్చుకొనుటకు ఎంత ఖర్చగును, ఆ ఖర్చు ఎవరు పెట్టుకొందురు అను ప్రశ్న వచ్చునప్పటికి సామెత మౌనము వహించును. నేటి ప్రసంగ విషయము ఆ ప్రశ్నయే.

ఇట్టి విషయమునకు లెక్కలకంటె ఒక కుటుంబము మేలు. కల్పితమే యైనను ఈ సభలోని వారెవ్వరికిని అపరిచితము కాని యొక కుటుంబమును ఊహించుకొనవచ్చును. గోదావరి తీరమున ఒక పల్లెలో అరువదియారేండ్ల వృద్ధుడు కలడు. రెండెకరములు కౌలుకు చేయును. పని దొరకిన దినమున కూలికిని పోవును. ఆయనకు ముగ్గురు కుమారులు. పెద్దవాడు ఢిల్లీలో సెక్రటేరియట్ అసిస్టెంటు. రెండవవాడు హైదరాబాదులో బాలానగరమున ఒక యంత్రశాలలో పనివాడు. మూడవవాడు రాజమహేంద్రవరములో చిన్న బట్టల దుకాణము పెట్టుకొన్నాడు. ఆ యింట రక్తపుపోటు ఇంటిపేరు వలె తండ్రినుండి కొడుకులకు సంక్రమించినది. నలుగురికిని జబ్బు ఒక్కటే, కావలసిన మాత్రయు దాదాపు ఒక్కటే. కాని నలుగురి చేతులలో నున్న వైద్యపు చీటీలు మాత్రము నాలుగు విధములు.

పెద్దవాని సంగతి మొదట. అతడు 1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు సభ్యుడు. ఉద్యోగపు శ్రేణిని బట్టి నెలకు 250 రూపాయలు మొదలు 1,000 రూపాయల వరకు జీతములో కోత పడును. దానికి ప్రతిగా అతడు తలనొప్పి వచ్చిన దినముననే డిస్పెన్సరీకి పోవచ్చును. ఇప్పుడు దానిని వెల్‌నెస్ సెంటరనుచున్నారు గాని పాతవారి నోట డిస్పెన్సరీయే నిలిచినది. అచ్చట వైద్యుడు చూచును, పోటు కొలుచును, మాత్రలిచ్చును. జేబునుండి పైకము తీయవలసిన పని లేదు. క్యూ పెద్దదని, వ్రాసిన కంపెనీ మాత్రకు బదులు వేరొక కంపెనీది చేతిలో పెట్టిరని, ఇండెంటు మందునకు మరల రేపు రమ్మనిరని సభ్యులు విసుగుకొనుట కద్దు. ఈ సంఘపు సాయంకాలపు గోష్ఠులలో ఆ విసుగు ఒక ముఖ్యమైన సాహిత్యప్రక్రియ యని కూడ చెప్పవచ్చును! అయినను ఆ విసుగునకు ఆవల ఒక సత్యమున్నది. ఈ పథకము జబ్బు చిన్నదిగా నున్నప్పుడే పలుకును. రోగి మంచము పట్టువరకు వేచియుండదు.

రెండవవాడు ఇ.ఎస్.ఐ. వాడు. స్వతంత్ర భారతములో 1948లో చట్టమై, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చిన పథకమిది. 2019 జూలైనుండి కార్మికుని వేతనములో నూటికి 0.75 వంతు, యజమాని పక్షమున 3.25 వంతులు చందాగా చెల్లించుచున్నారు. ఇందును డిస్పెన్సరీ, మందులు కలవు. అంతకంటె గొప్ప సంగతి మరియొకటి కలదు. జబ్బుచేసి పనికి పోలేని దినములకు వేతనములో నూటికి 70 వంతుల చొప్పున సంవత్సరమునకు 91 దినముల వరకు పైకమిత్తురు. బీదవానిని వైద్యుని యొద్దకు పోనీయక ఆపునది వైద్యుని ఫీజు మాత్రమే కాదనియు, ఆ పూట పోవు కూలియు నంతే యనియు గ్రహించిన చట్టమిది. తరువాత వచ్చిన పథకములు పలువురు మెచ్చినవే గాని ఈ సూక్ష్మమును అవి చాలవరకు మరచినవి.

అయితే దీనిలో ఒక వింత మెట్టున్నది. 2017 జనవరినుండి వేతన పరిమితి 21,000 రూపాయలు. రెండవవాని జీతము యజమాని దయవలన కొన్ని వందలు పెరిగి ఆ గీత దాటినచో, ఆ చందాకాలము ముగియగనే అతడు పథకమునుండి తొలగిపోవలసినదే. జీతము పెరిగిన సంతోషమున మిఠాయి పంచినవాడు ఏడాది తిరుగకముందే మందుల దుకాణము ముందు నిలిచి లెక్క చూచుకొనును. పెరిగిన వందలు ఏ మూలకును చాలవు. గీతకు ఈవల బీమా యున్నది; గీతకు ఆవల మేలైన బీమా కొనగల ధనము లేదు. ఈ నడిమి తరగతివారే నేడు వైద్యమునకు ఎక్కువ జంకువారు.

మూడవవాని సంగతి త్వరగా ముగింపవచ్చును. అతడు సొంత సొమ్ముతో ప్రైవేటు పాలసీ కొన్నాడు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై నూటికి 18 చొప్పున నుండిన జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుండి తొలగించిరి. అది అతనికి కొంత ఊరట. పాలసీకి పూర్వమే యున్న జబ్బునకు నిరీక్షణకాలము మూడేండ్లకు మించరాదని 2024లో నియంత్రణ సంస్థ నియమము చేసినది. అంతకుముందు అది నాలుగేండ్లు. అయినను సాధారణమైన పాలసీ ఆసుపత్రిలో 24 గంటలైన పరుండిననే గాని పలుకదు. పోటుమాత్రకు పరుండ నక్కరలేదు. కనుక అతడు ప్రీమియమును చెల్లించును, మాత్రలను వేరుగా కొనును. ఈ రెండింటిలో ఏదో యొకటి మానవలసిన నెల వచ్చినచో అతడు మానునది మాత్రనే. ప్రీమియము మానినచో పాలసీ పోవునని ఏజెంటు ఫోను చేయును, మాత్ర మానినచో ఎవరును ఫోను చేయరు.

ఇక వృద్ధుడు. ఆయనకున్నది ఆరోగ్యశ్రీ కార్డు. గుండె శస్త్రచికిత్సలకై ముఖ్యమంత్రి సహాయనిధికి కుప్పతెప్పలుగా వచ్చుచుండిన అర్జీలే ఆ పథకమునకు బీజము. 2007 ఏప్రిలులో అనంతపురము, మహబూబ్‌నగరు, శ్రీకాకుళము జిల్లాలలో అది మొదలైనది. అప్పుడు కుటుంబమునకు లక్షన్నర, అవసరమైనచో మరి యేబదివేలు. 2023 డిసెంబరులో తెలంగాణములో పది లక్షలకు, ఆంధ్రప్రదేశమున ఇరువదియైదు లక్షలకు పెంచిరి; 2024లో ఆంధ్రప్రదేశ పథకమునకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యని పేరు మారినది. 2018లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ పథకమునకును ఆసుపత్రిలో చేరికయే ప్రాతిపదిక. ఈ పథకములను తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత యగును. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము ప్రభుత్వాసుపత్రిలో ఒక మారు చేరిన వైద్యవ్యయము సగటున 4,452 రూపాయలు కాగా ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలైనది. కౌలురైతునకు ఆ రెండవ సంఖ్య యనగా ఒక కాడి యెడ్లు, లేదా కుమార్తె మెడలోని గొలుసు. అట్టి గొలుసులెన్నో ఈ కార్డువలన మెడలలోనే నిలిచినవి.

కాని వృద్ధునకు నేడు కావలసినది శస్త్రచికిత్స కాదు, దినమునకొక మాత్ర. ఆ మాత్ర వెల కొలది రూపాయలే. దానిని చేరు త్రోవయే ఖరీదైనది. పట్టణమునకు పోవలెనన్న బస్సు ఛార్జీ, వైద్యుని ఫీజు, వ్రాసిన పరీక్షలు, అన్నిటికిమించి పోయిన కూలి. ప్రాథమికారోగ్య కేంద్రమున పోటుమాత్రలు ఉచితముగా నిచ్చు ఏర్పాటున్నది. 104 వాహనము నిర్ణీత దినమున గ్రామమునకు వచ్చును. అది వచ్చిన దినమున ఆయన చేనిలో నున్నచో ఆ నెల మాత్రలు దాటిపోయినవే. రక్తపుపోటు బాధింపదు, కనబడదు. బాధింపని జబ్బునకు ఒక దినపు కూలి నష్టపరచుకొనుట తెలివితక్కువ యని ఆయన భావించును. ఆయన స్థితిలో నున్నవాడు అట్లు భావించుట తప్పని చెప్పుటయు కష్టమే.

ఇట్లు నాలుగైదేండ్లు మాత్రలు నిర్లక్ష్యమైనచో ఏమగునో వైద్యులెరుగుదురు. పక్షవాతము రావచ్చును, గుండె దెబ్బతినవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. మూత్రపిండములు చెడిన దినమున కార్డు మేల్కొనును. డయాలిసిస్ ఖర్చు కార్డు భరించును; వారమునకు రెండుమారులో మూడుమారులో జీవితాంతము భరించును. ఆ దుఃస్థితిని తప్పింపగల మాత్రనుమాత్రము అది భరింపదు. మంచము పట్టినవానికి లక్షలిచ్చి, మంచము పట్టకుండ నుండుటకు రూపాయి నీయని ఏర్పాటు దుర్మార్గుల పని కాదు. గుండె ఆపరేషనుకై విలపించు తల్లి ముఖము కనబడును, అర్జీ వచ్చును. మానివేసిన మాత్రకు అర్జీ రాదు. ప్రభుత్వములు అర్జీలను చదువును.

ఉచితముగా ఇచ్చినచో జనులు అనవసరముగా మందులు మ్రింగుదురను ఆక్షేపణ యొకటి కలదు. అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. దానిని పరీక్షింపవలెననియే అమెరికాలో 1974 నుండి 1982 వరకు రాండ్ సంస్థవారు ఒక గొప్ప ప్రయోగము చేసిరి. రెండువేలకు పైగా కుటుంబములను తీసికొని, లాటరీ పద్ధతిని కొందరికి పూర్తిగా ఉచితవైద్యమును, ఇతరులకు ఖర్చులో పాతికవంతో సగమో అంతకెక్కువయో తామే భరింపవలసిన బీమాను ఇచ్చిరి. చేతినుండి చెల్లింపవలసినవారు వైద్యుని యొద్దకు పోవుట తగ్గించిరి. ఆక్షేపకులు చెప్పినది అంతవరకు నిజమే. కాని వారు తగ్గించినది అనవసరమైన వైద్యమును మాత్రమే కాదు. అవసరమైనదానిని కూడ రమారమి అంతే తగ్గించిరి. ఏది అవసరమో ఏది కాదో రోగికెట్లు తెలియును? తెలిసినచో వైద్యుడెందుకు? తక్కిన జనుల ఆరోగ్యములో పెద్ద భేదము కనబడలేదు గాని, రక్తపుపోటు గల బీదవారు మాత్రము ఉచితవైద్యము పొందినచోట స్పష్టముగా మెరుగైరి. సముద్రములకావల జరిగిన ఆ ప్రయోగపు ఫలితము మన గోదావరి వృద్ధునకు కొలతవేసి కుట్టినట్లున్నది.

ఆ సూత్రము మన దేశమునకు క్రొత్తది కాదు. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, పైకము చెల్లింపలేని కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము లోపింపరాదని పునాదిరాయిగా వేసినది. నాటినుండి నేటికి ప్రయాణము సాగుచునే యున్నది. దేశమున వైద్యమునకగు మొత్తము వ్యయములో జనులు తమ చేతినుండి పెట్టుకొనినది 2013-14లో నూటికి 64.2 వంతులు, 2021-22 నాటికి 39.4 వంతులకు దిగినది. సంతోషింపవలసినదే. అయితే నూటికి ముప్పదితొమ్మిది వంతులనగా ఇంకను అల్పము కాదు. సగటు సంఖ్యలో అసిస్టెంటును ఉన్నాడు, వృద్ధుడును ఉన్నాడు.

రెండు మార్గములు ఫలమిచ్చినట్లు కనబడుచున్నది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకై ప్రత్యేక కార్పొరేషనును స్థాపించి, టోకున చౌకగా కొని, ప్రభుత్వ వైద్యాలయములకు మందులు అందించుచున్నది. రాజస్థానము 2011 అక్టోబరు 2న ప్రభుత్వాసుపత్రులలో ఉచిత ఔషధ పథకమును ఆరంభించినది. ఇవి బీమాలు కావు, కార్డులు అడుగవు. గడప దాటినవానికి మందు చేతిలో పెట్టును. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలును ఈ త్రోవలోనివే. పెద్ద కార్డును మరింత పెద్దది చేయుటకంటె ఈ చిన్న గడపలను పెంచుట మేలని తోచును. కార్డెంత పెద్దదైనను దాని వెనుక బిల్లులు సకాలమున చెల్లనిచో విలువ లేదు. బకాయిలు పేరుకొన్నందున 2025లో రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని దినములు కార్డువైద్యమును నిలిపివేసినవి. జేబులో కార్డున్నది, గడప మూసియున్నది.

ఈ సంగతి ఈ సభకు దూరమైనది కాదు. పదవీ విరమణానంతరము స్వగ్రామమున ఇల్లు కట్టుకొనవలెనని కలలు కనుచున్న సభ్యులు పలువురు కలరు. పదేండ్ల చందా ఒక్కసారిగా కట్టినచో యావజ్జీవ కార్డు వచ్చును. కాని డిస్పెన్సరీ లేని ఊరిలో ఆ కార్డు దినదినపు మాత్రకు పనికిరాదు. అట్టిచోట వసించుచు బయటి వైద్యమునకై నగదు కోరు పింఛనుదారులకు 2017 జూలైనుండి నెలకు 1,000 రూపాయల స్థిరభత్యము కలదు. భార్యాభర్తలిద్దరికిని పోటును చక్కెరయు నున్నచో ఆ వేయి ఏ తేదీవరకు వచ్చునో ఇంటి ఇల్లాలే చెప్పవలెను.

పెద్దవాడు తండ్రి పేరును తన కార్డుపై చేర్పింపవలెనని విచారించెను. తల్లిదండ్రుల ఆదాయము నెలకు 9,000 రూపాయలును దానిపై కరవుభత్యమును మించరాదను నియమమునకు ఆటంకము లేదు. కాని ఆయన ఊరు విడిచి ఢిల్లీకి రానన్నాడు. ఆ చలికి పోటు పెరుగునని ఆయన వాదము! తొలుత కొడుకు మందులకని నెలనెల పైకము పంపెను. పైకము చేరునప్పటికి మనుమని బడి ఫీజో, ఎరువుల దుకాణపు బాకీయో ఎదురుగా నిలిచియుండెడిది. మాత్రలు మరల వాయిదా. అటుపిమ్మట కొడుకు పైకము పంపుట మాని జనౌషధి దుకాణమున మూడు నెలల మాత్రలు కొని, పేరు, తేదీ వ్రాసిన కవరులలో పెట్టి, ఊరికి పోవువారి చేతికిచ్చుచున్నాడు. ఢిల్లీ స్టేషనులో ఆవకాయ జాడీలు దిగు బండియే తిరిగి పోవునపుడు ఆ కవరులను తీసికొనిపోవుచున్నది. మాత్రను బడి ఫీజునకు కట్టుటకు వీలులేదు. వృద్ధుడు దానిని మ్రింగుచున్నాడు.