అంతర్జాలమున సొంత వ్రాత: పనిముట్లు, అలవాట్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

  

ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను కళాశాలలో చదివిన పండితుడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, రాత్రులు ఈ గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన భారత భాగవతములను నాయంతట నేను చదువుకొన్నవాడను. అయినను నేడు నేనెత్తికొన్న విషయము పురాణము కాదు, బ్లాగు. “మేము వ్రాసినది పదిమంది చదువునట్లు అంతర్జాలమున సొంతముగా ఒక చోటు ఏర్పరచుకొనుట యెట్లు? అందులకు ఏ పనిముట్లు కావలెను?” అని మన యువకులు నన్ను తరచుగా అడుగుచున్నారు. వారికి చెప్పిన సమాధానమునే సభకు విన్నవించుచున్నాను. దాని సారము ఒక్క మాట: పనిముట్టు ఏదైనను కావచ్చును గాని, వ్రాత మాత్రము మన స్వాధీనమున ఉండవలెను.

మొదట ఆ పేరు సంగతి. ఓడ నడుపువారు ఏ దినమున గాలి యెట్లు వీచినది, ఓడ యెంత దూరము పోయినది తేదీవారీగా వ్రాసికొను పుస్తకమును ఆంగ్లేయులు ‘లాగ్’ అందురు. 1997లో జోర్న్ బార్గర్ అను అమెరికా దేశస్థుడు, తాను అంతర్జాలమున చదివిన పుటలను గూర్చి తేదీవారీగా వ్రాయుచు, ఆ వ్రాతకు ‘వెబ్‌లాగ్’ అని పేరిడెను. 1999లో అది కుదించుకొని ‘బ్లాగ్’ ఆయెను. లెక్కలు వ్రాయువానికి ఇది క్రొత్త వస్తువు కాదు, మన చిట్టాయే. చిట్టాలో పాతది ముందు, క్రొత్తది వెనుక. బ్లాగులో క్రొత్తది పైన, పాతది క్రింద. చిట్టాలోని పద్దులను ఆవర్జాలో పేర్లవారీగా ఎక్కించినట్లే, బ్లాగులోని వ్రాతలను విషయములవారీగా వర్గములలో చేర్చవచ్చును. ఒక్కొక్క వ్రాతకు తెలుగు బ్లాగరులు ‘టపా’ అని చక్కని పేరు పెట్టిరి. తపాలాబంట్రోతు తెచ్చిన టపాకై ఎదురుచూచిన మన పెద్దలకు ఆ పేరులోని సొగసు తెలియును.

ఇక పనిముట్లు. వానిలో మొదటిది అక్షరము. కంప్యూటరు అక్షరముల రూపును దాచుకొనదు, అంకెలను దాచుకొనును. ఏ అంకెకు ఏ అక్షరమను ఒడంబడిక లేనిచో దాచినది చదువరాదు. మన అచ్చుకూటములలో చిరకాలముగా వాడుచున్న ‘అను’ వంటి ఫాంట్లలో ఈ ఒడంబడిక ఆ ఫాంటుకు మాత్రమే పరిమితము. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో తెలుగునకు మారుగా అర్థము లేని ఆంగ్ల అక్షరములును, చిహ్నములును కనబడును. 1991లో వెలువడిన యూనికోడు ఈ చిక్కును తీర్చినది. అందు ప్రపంచ లిపులలోని అక్షరములకు వేరువేరు సంఖ్యలు కేటాయింపబడినవి. మన లిపికి 128 స్థానములు ఉంచబడినవి. ‘అ’కు 3077, ‘క’కు 3093. నా భాషలో చెప్పవలెనన్న, ప్రతి అక్షరమునకు ఒక సర్వే నెంబరు పడినది. పొలము చేతులు మారవచ్చును, పాసుపుస్తకము చిరిగిపోవచ్చును. సర్వే నెంబరు తెలిసినచో పొలమును పోల్చుకొనవచ్చును. అట్లే యూనికోడులో వ్రాసినది ఫాంటు మారినను తెలుగుగానే నిలుచును.

ఇది పుస్తకములలోని సంగతి మాత్రమే కాదు. మన గ్రంథాలయ దశమ వార్షికోత్సవ సంచికను పట్టణములో ఒక అచ్చుకూటమున కూర్పించితిమి. ఆ ఫైలున్న డిస్కు మన బీరువాలో భద్రముగానే ఉన్నది. నేడు మన కంప్యూటరులో తెరచినచో అందులో ఒక్క తెలుగు అక్షరము కనబడదు. అచ్చుప్రతులు రెండే మిగిలినవి. అందొకటి చెదల పాలయినది. ఆ సంచికలో తమ చిన్ననాటి ఊరిని గూర్చి వ్రాసిన పెద్దలు నలుగురు ఇప్పుడు మన మధ్య లేరు. వారి మాట నిలుచుట ఆ ఒక్క ప్రతి మీద ఆధారపడియున్నది. కావుననే ఈ విషయమును నేను వినోదమునకు ఎత్తికొనలేదు.

తెలుగును కంప్యూటరునకు ఎక్కించు త్రోవలు పలువురు వేసిరి. తెలుగును ఆంగ్ల అక్షరములతో వ్రాయుటకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేర ‘ఆర్.టి.ఎస్.’ అను పద్ధతి ఏర్పడినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున గారు, పలురకముల తెలుగు ఫాంట్ల వ్రాతను యూనికోడులోనికి మార్చు ‘పద్మ’ అను సాధనమును చేసిరి. వీవెన్ గారు 2006లో ‘లేఖిని’ అను సాధనమును అందించిరి. అందు ఆంగ్ల అక్షరములు కొట్టుచుండగా ప్రక్కనే తెలుగు వచ్చును. తెలుగు బ్లాగులన్నిటి క్రొత్త టపాలను ఒక్కచోట చూపిన ‘కూడలి’ కూడ వారిదే. ఏ ఊరి సంతకు ఆ ఊరు వెళ్లనక్కరలేక నాలుగు దారులు కలియు చోట నిలిచి అన్నియు చూచుట వంటిది అది. వీరెవ్వరును పాఠకుని వద్ద రుసుము గొనలేదు. ఆ ఋణము మనము మరువరాదు.

నేడు వ్రాయువానికి ఇంత శ్రమ లేదు. భారతీయ లిపులకు ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ‘ఇన్‌స్క్రిప్టు’ మీటల అమరిక విండోసులోను, లినక్సులోను ఉన్నది. సెల్‌ఫోనులో తెలుగు మీటలు కలవు. నోటితో చెప్పినచో వ్రాసికొను సదుపాయమును కలదు. కన్ను మందగించిన పెద్దలు దీనిని ఉపయోగింపవచ్చును. అయితే తప్పులను ఇంటిలోని పిల్లలచేత దిద్దించుకొనవలెను. సూరన, పెద్దన, ధూర్జటి మొదలగు కవుల పేర వెలసిన ఖతులు ఉచితముగా లభించుచున్నవి.

అక్షరము తరువాత ఇల్లు. బ్లాగు పెట్టుకొనుటకు పేరుపొందిన సేవలు రెండు. ‘బ్లాగర్’ 1999లో పుట్టి 2003లో గూగులు వారి చేతికి వచ్చినది. దానికి డబ్బు చెల్లింపనక్కరలేదు; కాని స్థలము వారిది. ఇది అద్దె లేని అద్దె ఇల్లు. ‘వర్డ్‌ప్రెస్’ 2003లో వెలసిన స్వేచ్ఛా సాఫ్టువేరు. దానిని ఎవరైనను తీసికొని తమ స్థలమున నెలకొల్పుకొనవచ్చును. ఆ సంస్థవారి స్థలముననే ఉచితముగా ఉండవచ్చును. సొంత చిరునామా కావలెనన్న ఏటేట రుసుము కట్టవలెను. కట్టుట మరచినచో చిరునామా ఇతరుల పాలగును. క్రొత్తగా వ్రాయువారు ఉచిత గృహముననే ప్రారంభింపుడు. అందు దోషము లేదు. కాని అది మన పట్టా భూమి కాదను ఎరుక ఉండవలెను.

ఏలనన ఆ ఇండ్లు శాశ్వతములు కావు. 1994లో ఆరంభమైన ‘జియోసిటీస్’ అనుచోట లక్షలమంది తమ పుటలు కట్టుకొనిరి. 2009 అక్టోబరులో యాహూ సంస్థ దానిని మూసివేసెను. తెలుగువారు సాహిత్య చర్చలు జరుపుకొన్న ‘రచ్చబండ’ వంటి బృందములకు నెలవైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడెను. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిలులో పోయెను. ఇవి చెప్పకుండ పోలేదు. గడువు చెప్పియే పోయినవి. గడువులోపల తమ వ్రాతను తెచ్చుకొన్నవారు కొందరు, ఊరకున్నవారు కొందరు.

పల్నాటివారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. ఇక్ష్వాకుల విజయపురి నిలిచిన లోయ నీట మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు అచట త్రవ్వకములు సాగించిరి. ముఖ్య కట్టడములను కొన్నింటిని కొండమీదకును, అనుపునకును తరలించి నిలిపిరి. నీరు రాక మానలేదు. కాని నీటికంటె ముందు మనుష్యులు మేలుకొనిరి. కావున నేడు మనము ఆ శిల్పములను చూడగలుగుచున్నాము. ఉచిత స్థలమున వ్రాయువారికి ఇదియే పాఠము. బ్లాగరులోను, వర్డ్‌ప్రెస్సులోను మన టపాలన్నిటిని ఒక్కమారుగా దింపుకొను సదుపాయము కలదు. అది మనకు తరలింపు బండి. దానిని నీరు వచ్చునప్పుడు వెదకరాదు.

ప్రతులు వ్రాసికొనుట మనకు పరాయి విద్య కాదు. పూర్వము కరణములు గ్రామ వృత్తాంతములను దండకవిలెలలో వ్రాసియుంచెడివారు. 1821లో గతించిన కర్నల్ మెకంజీ కొలువున కావలి సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి వృత్తాంతములు సేకరించిరి. అట్టి కవిలెలను ఆధారముగా గొని వ్రాసిన కైఫీయతులు నేటికిని చరిత్రకారులకు ఆధారములై యున్నవి. మూలములైన కవిలెలలో మిక్కిలి భాగము నశించినది. ఎత్తివ్రాసిన ప్రతి నిలిచినది. తాటాకు శాశ్వతమని మన పూర్వులు భ్రమపడలేదు. అది శిథిలమగునని తెలిసియే క్రొత్త ఆకులపై మరల వ్రాయించిరి. ఈనాటి హార్డుడిస్కును, పెన్‌డ్రైవును ఆ దృష్టితోనే చూడవలెను.

ఇక అలవాట్లు. పనిముట్లకంటె ఇవి ముఖ్యములు.

మొదటిది: వ్రాత ఇంటిలో పుట్టవలెను. ముందుగా సొంత యంత్రమున సాదా ఫైలుగా యూనికోడులో వ్రాసి, దిద్ది, తరువాత బ్లాగునకు ఎక్కింపుడు. ఫైలు పేరునకు ముందు సంవత్సరము, నెల, దినము ఈ వరుసలో వేసినచో ఎన్ని వందల ఫైళ్లున్నను తేదీవారీగా వరుసలో నిలుచును. ఛాయాచిత్రములకును ఇదే పద్ధతి.

రెండవది: నియమము. దినమునకొక టపా అని ఉత్సాహముతో మొదలిడి, నెలకు అలసి మానుటకంటె, పక్షమునకొకటి చొప్పున పదేండ్లు వ్రాయుట మేలు.

మూడవది: ఆధారము. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు, చదివినది ఏ గ్రంథమున చదివితిమో చెప్పి వ్రాయవలెను. ఓచరు లేని పద్దును ఏ తనిఖీ అధికారి ఒప్పుకొనడు.

నాలుగవది: దిద్దుబాటు. లెక్కలలో అంకెను గీకివేయరాదు. కొట్టివేసి, ప్రక్కన సరియైనది వేసి, సంతకము చేయవలెను. ప్రకటించిన టపాలో పొరపాటు తెలిసినచో దిద్ది, ఏ తేదీన ఏమి దిద్దితిమో అడుగున వ్రాయవలెను.

ఐదవది: వ్యాఖ్యల అదుపు. చదువరుల వ్యాఖ్యలను మనము చూచిన పిదపనే కనబడునట్లు అమర్చుకొనవచ్చును. కోడిపందెము ఎంతటి పోరునకు దారి తీసినదో తెలిసిన సీమ మనది. వ్యాఖ్యల పెట్టెను పందెపు బరి కానీయరాదు. ఊరి తగవులు, ఇరుగుపొరుగు ఇండ్ల గుట్టు బ్లాగునకు తగిన వస్తువులు కావు.

ఆరవది: ఏటేట జమాబందీ. ఉగాదినాడు టపాలన్నిటిని దింపి రెండు ప్రతులు చేసి, ఒకటి ఇంట, ఒకటి వేరొక ఊరనున్న ఆప్తునివద్ద ఉంచుడు. దింపుట చాలదు, తెరచి చదివి చూడవలెను. తూచి చూడని గాదె నిండియున్నదని నమ్మరాదు. 1996లో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవు అను సంస్థ, చిరునామా ఇచ్చినచో పుటను భద్రపరచును. ముఖ్యమైన టపాలను అందును చేర్పుడు.

ఏడవది: వారసుడు. ఇది చెప్పుటకు నోరాడదు గాని చెప్పక తీరదు. రెండేండ్లు వాడని ఖాతాను తొలగింపవచ్చునను గూగులువారి నిబంధన 2023 డిసెంబరునుండి అమలులోనికి వచ్చినది. వ్రాయువాడు కన్నుమూసిన పిమ్మట ఆ ఖాతాను తెరచువాడెవడు? ఖాతా వాడకము నిలిచిపోయినచో ఎవరికి తెలుపవలెనో, అందలి సరకును ఎవరికి అందింపవలెనో ముందుగా నిర్ణయించు ఏర్పాటు గూగులులోనే కలదు. పొలమునకు వీలునామా వ్రాయుదుము. జీవితమంతయు వ్రాసిన వ్రాతకు వ్రాయమా?

ఇంత శ్రమపడి వ్రాయవలసినదేమి అని కొందరడుగవచ్చును. మన చేల పేర్లు, పూడిపోయిన బావుల పేర్లు, మిరప, ప్రత్తి సాగులో వచ్చిన మార్పులు, అవ్వలు పాడిన దంపుళ్ల పాటలు ఏ గెజెటులో ఉన్నవి? కారెంపూడిలో కార్తిక మాసమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు దినములు వీరుల తిరునాళ్ల జరుగును. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపద ఒకటి ఉండగా, నోటి పాటగా నడచిన వీరగాథ వేరొకటి. అలిశెట్టి గాలెయ్యగారు పాడిన ఆ గాథను జీన్ రోగెయిర్ అను అమెరికా పండితుడు విని వ్రాసికొనగా, 1982లో ఆంగ్లమున గ్రంథమై వెలువడినది. సముద్రములు దాటి వచ్చినవాడు చేసిన పనిని, ప్రక్కవీధిలో ఉన్న మనము చేయరాదా? సెల్‌ఫోనులో పంపుకొను సందేశము రచ్చబండ మాట; పొద్దుగుంకగానే చెదరిపోవును. బ్లాగులోని టపా చిట్టా పద్దు, తేదీతో నిలుచును.

1935లో పాతూరి నాగభూషణము గారు కాలువపై పడవలో పుస్తకములు పంపి గ్రామములకు చదువు చేర్చిరి. ఆనాడు పుస్తకము ఊరికి వచ్చెను. ఈనాడు ఊరే పుస్తకమై లోకమునకు పోగలదు.

కడపట కార్యవర్గమువారికి మూడు విన్నపములు. ఈ రజతోత్సవ సంచికను అచ్చువేయువారివద్ద అచ్చుప్రతులతోపాటు యూనికోడు పాఠమును కూడ తీసికొనుడు. ఆ షరతును ముందుగానే ఒప్పందమున వ్రాయింపుడు. మిగిలిన దశమ వార్షికోత్సవ సంచికను మన విద్యార్థులచేత తిరిగి టైపు చేయింపుడు; సరిచూచు భారము నాది. గ్రంథాలయము పేర ఒక బ్లాగు తెరచి, దాని తాళములను ఒక్కరివద్ద కాక ముగ్గురివద్ద ఉంచుడు. స్వర్ణోత్సవము నాటికి నేను ఉందునో లేదో, ఈ వేదికమీద మరియొకరు నిలిచి మనము నేడు వ్రాసిన దానిని తడబడక చదువగలిగినచో అదియే చాలును.